ఆవకాయ పెట్టని ఇల్లు: పన్నెండేళ్ల బాలికలో ఓసీడీ, ఆ జబ్బులో ఇంటివాళ్ల పాత్ర

ఓసీడీ అంటే ఒక భయం పదేపదే మనసులో చొరబడి, దాన్ని పోగొట్టుకోవడానికి ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే మానసిక రుగ్మత. ఆ జబ్బు వచ్చిన ఈ బాలికను శ్రావణి అని పిలుస్తున్నాను. అది ఆమె అసలు పేరు కాదు. కుటుంబాన్ని ఆనవాలు పట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. తల్లిదండ్రుల అనుమతితోపాటు, కేసు గురించి రాయడానికి ఆ అమ్మాయి ఒప్పుకోలు కూడా తీసుకున్నాను.

వయసు పన్నెండు, చదువు ఏడో తరగతి. గుంటూరులో తల్లిదండ్రులు, నాయనమ్మ, ఐదేళ్ల తమ్ముడితో కలిసి ఉంటుంది. తండ్రి మిర్చి యార్డులో చిన్న కమీషన్ వ్యాపారి. వీళ్లు మా మానసిక వైద్య క్లినిక్‌కు నేరుగా రాలేదు, చర్మవ్యాధుల డాక్టరు పంపిస్తే వచ్చారు. రెండు చేతులూ మణికట్టు దాకా ఎర్రబడి, వేళ్ల సందుల్లో చర్మం పగిలి, అన్నం కలుపుకుంటే మంట పుట్టే స్థితిలో ఉన్నాయి. కొన్ని నెలలపాటు ఎగ్జిమా అనుకుని ఆయింట్‌మెంట్లు వాడారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికి వచ్చేది. చివరికి ఆ డాక్టరుగారు తల్లిని కాసేపు బయట కూర్చోబెట్టి, "రోజుకు ఎన్నిసార్లు చేతులు కడుగుతావమ్మా?" అని అడిగితే, పాప లెక్క చెప్పకుండా ఏడ్చిందట. ఆ ఒక్క ప్రశ్న అడిగినందుకు ఆయనకు ఈ కేసులో సగం ఘనత దక్కాలి.

2015–16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నడిపించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేల్చింది. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, శ్రావణి వయసువాళ్లు ఆ వయసు పరిధిలోకే రారు. ఇలాంటి పిల్లలు లెక్కల్లో కంటే ముందు చర్మం డాక్టరు ఓపీలోనో, కడుపునొప్పి అంటూ పిల్లల డాక్టరు దగ్గరో కనిపిస్తుంటారు.

జబ్బు మొదలైన తీరు

మొదటిసారి నాకు కనిపించడానికి ఏడాదిన్నర కిందట, యార్డుకు సరుకు ముమ్మరంగా వచ్చే రోజుల్లో జరిగిన సంగతి ఇది. సాయంత్రం ఇంటికొచ్చిన తండ్రి మిర్చి ఘాటు అంటిన చొక్కా విప్పి ఇస్తే శ్రావణి దాన్ని దండెం మీద వేసి, వెంటనే తమ్ముణ్ని ఎత్తుకుంది. పిల్లవాడు అక్క చేతులు పట్టుకుని ఆడి, కళ్లు నులుముకుని, గుక్కపట్టి ఏడ్చాడు. కంటి ఆసుపత్రికి తీసుకెళ్లారు. కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర) బాగానే ఉందని అక్కడి డాక్టరు రాసిచ్చారు, చీకటి పడేసరికి పిల్లవాడు ఆడుకుంటున్నాడు. ఇంటికి వస్తూ నాయనమ్మ ఆటోలో, "కాస్త చూసుకోవద్దటే, కళ్లు పోయుండేవి" అంది. ఆ మాట అన్నట్టు ఆవిడకు గుర్తు కూడా లేదు. శ్రావణికి మాత్రం ఆటో ఏ మలుపు తిరుగుతున్నప్పుడు అన్నదో కూడా గుర్తుంది.

మొదట ఇంటికి రాగానే ఒకసారి చేతులు కడుక్కునేది. తర్వాత తమ్ముణ్ని ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక, చివరికి తమ్ముడు ముట్టుకోబోయే వస్తువును తను ముట్టుకునే ముందు కూడా. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదని, నూనెలో కరుగుతుందని ఎక్కడో చదివింది. ఆ సమాచారం నిజమే, జబ్బుకు అంతకంటే మంచి మేత ఉండదు. అప్పటినుంచి చేతులకు ముందు కొబ్బరినూనె రాసుకుని, దాన్ని గిన్నెలు తోమే సబ్బుతో వదిలించి, ఆపైన డెట్టాల్ నీళ్లలో ముంచేది. మధ్యలో ఎవరైనా పిలిస్తే మొదటినుంచి మొదలుపెట్టాలి. బడిలో ఎవరి టిఫిన్ డబ్బా ముట్టుకోదు, బాత్రూంకు వెళితే పీరియడ్ అయ్యేదాకా రాదు అని క్లాస్ టీచరు రెండుసార్లు డైరీలో రాశారు.

ఇంట్లో మారిన సంగతులు అమ్మాయిలో వచ్చిన మార్పుకంటే తక్కువేమీ కాదు. తండ్రి రాత్రిపూట పెరటిదారిన వచ్చి, అక్కడే స్నానం చేసి, అక్కడే ఉంచిన బట్టలు కట్టుకుని లోపలికి వస్తున్నాడు. ఆయన స్కూటరు వీధి చివర ఉంటుంది. తమ్ముడి చేతులు ఎప్పుడు కడగమంటే అప్పుడు తల్లి కడుగుతుంది. "తమ్ముడి కళ్లు బాగున్నాయి కదా అమ్మా?" అన్న ప్రశ్నకు రోజుకు పదులసార్లు "బాగున్నాయి తల్లీ" అని జవాబు చెబుతుంది, గొంతులో ఏమాత్రం విసుగు వినిపించినా మళ్లీ చెప్పాలి. వంటింట్లో కారం డబ్బా లేదు. పచ్చిమిర్చి కూడా పోయి మిరియాల పొడితో నెట్టుకొస్తున్నారు. ఆ వేసవిలో ఆవకాయ పెట్టలేదని తల్లి చెబుతున్నప్పుడు, పక్కనే ఉన్న నాయనమ్మ ముఖం తిప్పుకున్నారు. మిర్చి అమ్మి బతికే ఇంట్లో, అదీ గుంటూరులో, ఒక ఏడాదంతా కారం లేకుండా గడిచిందంటే ఆ జబ్బు ఇంటిని ఎంతగా ఏలుతోందో చెప్పడానికి వేరే కొలమానం అక్కర్లేదనిపించింది.

కొలమానం వాడాం, అది వేరే సంగతి. ఓసీడీ తీవ్రతను కొలవడానికి పిల్లల కోసం తయారైన యేల్–బ్రౌన్ స్కేలు మీద శ్రావణికి 40కి 27 వచ్చింది, అంటే తీవ్రమైన స్థాయి. కుటుంబం జబ్బుకు ఎంత లొంగిపోయిందో అడిగే ప్రశ్నావళిలో తల్లి దాదాపు ప్రతి అంశానికీ "రోజూ" అనే గడిలోనే టిక్కు పెట్టింది.

నిర్ధారణలో తేల్చుకోవలసినవి

గొంతునొప్పి, జ్వరం తర్వాత రాత్రికి రాత్రి ఈ లక్షణాలు ఊడిపడ్డాయా అని ముందుగా అడిగాను. స్ట్రెప్టోకాకస్ ఇన్‌ఫెక్షన్ తర్వాత హఠాత్తుగా మొదలయ్యే ఓసీడీని సూసన్ స్వీడో బృందం 1998లో 50 మంది పిల్లల్లో వర్ణించింది. ఇక్కడ అలా జరగలేదు, జబ్బు నెలల తరబడి మెట్టుమెట్టుగా పెరిగింది. కండరాల అదురు, గొంతు సవరింపుల వంటి టిక్స్ లేవు. చనిపోవాలన్న ఆలోచన లేదని స్పష్టంగా చెప్పింది, కానీ "పొద్దున లేవాలనిపించదు సార్, లేస్తే మళ్లీ కడగాలి" అంది. ఆ దిగులు జబ్బు తెచ్చిపెట్టిందే తప్ప విడిగా వచ్చిన డిప్రెషన్‌గా నాకు తోచలేదు. తన భయం అతిగా ఉందని ఆమెకు తెలుసు, తెలిసినా ఆగలేకపోతోంది.

ఎక్కువసేపు మాట్లాడవలసి వచ్చింది మడి గురించి. నాయనమ్మ మడి కట్టుకుంటారు, మనవరాలి కడుగుళ్లను మొదట్లో మెచ్చుకున్నారు కూడా. కోడలితో "నీకు లేకపోయినా దానికుంది శుభ్రం" అనేవారట. ఇంట్లో ఆచారం ఉంటే ఓసీడీ వస్తుందన్న అభిప్రాయం చదువుకున్నవాళ్లలోనే ఎక్కువ వింటాను. నేను చూసినంతలో ఆచారం జబ్బుకు వేషం ఇస్తుందే కానీ జబ్బును పుట్టించదు. మడికి ఒక హద్దు ఉంది: తలస్నానం చేసి, ఆరేసిన బట్ట కట్టుకుంటే మడి వచ్చినట్టే, ఇక సందేహం లేదు. వంట అయ్యాక ఆవిడ హాయిగా కూర్చుని టీవీ చూస్తారు. శ్రావణికి ఎన్నిసార్లు కడిగినా "అయింది" అన్న నమ్మకం కలగదు. ఇదే మాట నాయనమ్మతో అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అవును బాబూ, మడి అంటే మనసుకు నెమ్మది రావాలి. దానికి నెమ్మదే లేదు" అన్నారు. ఆ తర్వాత చికిత్సలో నాకు ఆవిడంత గట్టి మద్దతు మరెవరూ ఇవ్వలేదు.

శ్రావణి భయపడుతున్నది మంటకు కాదని రెండో భేటీలో తేలింది. "నీ కళ్లల్లో కారం పడితే?" అని అడిగితే భుజాలు ఎగరేసింది. "తమ్ముడికి పడితే?" అన్నప్పుడు చేతులు ఒడిలోకి లాక్కుంది. "నా వల్ల వాడికి కళ్లు పోతే నేనెలా బతకాలి సార్?" అంది. అపరాధ భావం ఈ కేసుకు మూలం. ఇది తెలియకుండా కారం ముట్టుకోవడం మాత్రమే అలవాటు చేసి ఉంటే, అమ్మాయి మాకోసం ముట్టుకుని, ఇంటికెళ్లి కడుక్కునేది.

చికిత్స ఎంపిక

2004లో వెలువడిన పీడియాట్రిక్ ఓసీడీ ట్రీట్‌మెంట్ స్టడీ ఈ రంగంలో ఇప్పటికీ మాకు ఆధారం. అమెరికాలో మూడు కేంద్రాల్లో, 7 నుంచి 17 ఏళ్ల పిల్లలు 112 మందిని నాలుగు వర్గాలు చేసి 12 వారాలు చికిత్స ఇచ్చారు. సీబీటీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే మానసిక చికిత్స), సెర్ట్రలిన్ (ఓసీడీకి వాడే మందు) కలిపి ఇచ్చినవారిలో 53.6 శాతం మందికి లక్షణాలు దాదాపు పూర్తిగా తగ్గాయి. సీబీటీ ఒక్కటే ఇచ్చిన వర్గంలో ఇది 39.3 శాతం, సెర్ట్రలిన్ ఒక్కటే ఇచ్చిన వర్గంలో 21.4 శాతం, మందు లేని ఉత్త మాత్ర ఇచ్చినవారిలో 3.6 శాతం. ఈ అంకెలు అందరూ చెబుతారు. అంతగా చెప్పని సంగతి ఒకటుంది: సీబీటీ ఒక్కటే ఇచ్చినప్పుడు కేంద్రానికీ కేంద్రానికీ మధ్య ఫలితంలో పెద్ద తేడా కనిపించింది, మిశ్రమ చికిత్సలో ఆ తేడా లేదు. చికిత్స చేసేవారి నైపుణ్యం మీద సీబీటీ అంతగా ఆధారపడుతుందని దీన్నిబట్టి నేను అర్థం చేసుకుంటాను. పిల్లలతో ఈ పద్ధతిలో పనిచేసే క్లినికల్ సైకాలజిస్టులు మన జిల్లాల్లో ఎంతమంది దొరుకుతారో తెలిసినవారు, "ముందు సీబీటీ, తర్వాతే మందు" అనే సూత్రాన్ని గుడ్డిగా వల్లించరు.

మందు వైపు మొగ్గడానికి ఇంకో కారణం తండ్రి. కుటుంబ చరిత్ర అడిగినప్పుడు మొదట "మా వైపు ఎవరికీ లేదండీ" అన్నాడు. భార్య లేచి నీళ్లకు వెళ్లాక, పెళ్లికి ముందు తాను కోల్డ్ స్టోరేజీ తాళం వేశానో లేదోనని దారిలోంచి వెనక్కి తిరిగి వచ్చేవాణ్నని, ఇప్పటికీ కాంటా చీటీలు పడుకునే ముందు మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకుంటానని చెప్పాడు. అదే అధ్యయనపు సమాచారాన్ని తర్వాత విశ్లేషించినప్పుడు, ఓసీడీ కుటుంబ చరిత్ర ఉన్న పిల్లల్లో సీబీటీ ఒక్కదాని ప్రభావం బాగా తక్కువగా కనిపించింది. జబ్బు తీవ్రత, తండ్రి చరిత్ర రెండూ చూసి మిశ్రమ చికిత్సే సలహా ఇచ్చాను.

తల్లిదండ్రులు వెంటనే ఒప్పుకోలేదు. ఇంత చిన్నపిల్లకు మానసిక మందులా, అలవాటు పడిపోదా, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరికైనా తెలిస్తే ఏమిటి అని అడిగారు. తండ్రి ఫోన్లో చూసిన హెచ్చరిక గురించి కూడా అడిగాడు. ఆ హెచ్చరికను దాచకుండా వివరించడం మా బాధ్యత. ఈ తరహా మందుల మీద పిల్లల్లో జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసిన అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఆత్మహత్య ఆలోచనలు లేదా ప్రయత్నాలు మందు తీసుకున్నవారిలో సుమారు 4 శాతం, ఉత్త మాత్ర తీసుకున్నవారిలో 2 శాతం అని లెక్కగట్టి 2004లో హెచ్చరిక పెట్టించింది. ఆ పరీక్షల్లో ఎవరూ చనిపోలేదు. దీని అర్థం మందు మానేయమని కాదు, మొదటి వారాల్లోనూ మోతాదు పెంచినప్పుడూ పిల్లను దగ్గరగా కనిపెట్టుకుని ఉండమని. ఏయే మార్పులు చూడాలో తల్లికి కాగితం మీద రాసిచ్చాను: నిద్ర పట్టకపోవడం, కాలు నిలవకపోవడం, కారణం లేని కోపం, చావు మాటలు. రాత్రివేళ క్లినిక్ ఫోను అందకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలి మానస్ నంబరు 14416 ఉందని చెప్పాను. ఒక వారం ఆలోచించుకుని వచ్చి ఒప్పుకున్నారు.

సెర్ట్రలిన్ 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నెమ్మదిగా 100కు తీసుకెళ్లాం. మొదటి వారం కడుపులో వికారం తప్ప ఇబ్బంది కలగలేదు. మందు గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు, అది తన పని తాను చేసింది.

గుమాస్తాను మాట్లాడనివ్వడం

పిల్లలతో సీబీటీ మొదలుపెట్టేటప్పుడు జబ్బుకు ఒక పేరు పెట్టమని అడుగుతాం, అది తనలోని లోపమన్న భావన పోవడానికి. శ్రావణి "గుమాస్తా" అని పెట్టింది. నాన్న దగ్గర ఒకాయన ఉండేవాడట, టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని దిగాయో ఎంతసేపు చెప్పినా "సరిగ్గా చూశారా? మళ్లీ చూడండి" అనేవాడట. ఆ పేరు ఇంట్లో అందరూ వాడటం మొదలుపెట్టాక, తల్లికి కోపం కూతురి మీద నుంచి గుమాస్తా మీదికి మళ్లింది.

కారం కంట్లో పడితే మండుతుంది, నీళ్లు కారుతాయి, కడిగితే తగ్గుతుంది, మామూలుగా చూపు పోదు. ఈ నిజం శ్రావణికి ఒక్కసారే చెప్పాను, రెండోసారి అడిగితే చెప్పనని కూడా అప్పుడే చెప్పాను. ఓసీడీ ఉన్న పిల్లకు భరోసా ఇచ్చిన ప్రతిసారీ మరో భరోసా అవసరం పుడుతుంది.

భయాలను చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా రాసుకున్నాం. అట్టడుగున గోతాం నుంచి తీసిన ఒక దారప్పోగు, ఆ పైన స్కూటరు సీటు, నాన్న తువ్వాలు, నాన్న చొక్కా, వంటింట్లో కారం డబ్బా, యార్డు గేటు, అన్నిటికంటే పైన నాన్న చొక్కా ముట్టుకుని, కడుక్కోకుండా, తమ్ముడి పక్కన కూర్చోవడం. కంటికి కారం తగిలించే పని ఎప్పుడూ చేయం. మామూలు ఇళ్లలో మామూలు పిల్లలు రోజూ చేసేదాన్నే ఆమె చేత చేయించడం మా హద్దు.

దారప్పోగు రోజు ఇలా జరిగింది. మా సైకాలజిస్టు దాన్ని తెల్లకాగితం మీద పెట్టి బల్ల మధ్యకు జరిపారు. భయం పదికి ఎంత అని అడిగితే శ్రావణి "ఎనిమిది" అంది. చూపుడువేలి కొనతో తాకి, వెంటనే ఆ వేలిని మిగతా వేళ్లకు దూరంగా నిక్కబెట్టుకుంది. "ఆ వేలిని మిగతావాటిలో కలుపుదామా?" అంటే చాలాసేపు కదల్లేదు. తర్వాత ఒక్కొక్క వేలికీ ఆనించి, చివరికి రెండు అరచేతులూ రుద్దుకుంది. గుమాస్తా ఏమంటున్నాడు అని అడిగితే, "తమ్ముడి దగ్గరకు పోవద్దంటున్నాడు" అంది. ఎవరూ ఓదార్చలేదు, ఎవరూ గదమాయించలేదు. భయం ఏడయింది, మళ్లీ ఎనిమిదయింది, గంట పూర్తయ్యేసరికి నాలుగు దగ్గర నిలిచింది. పూర్తిగా పోవాలని మేము చూడం. భయం ఉండగానే కడుక్కోకుండా ఇంటికి వెళ్లడం ఆ రోజు సాధించవలసినది. వెళ్లింది.

అసలు పని ఇంట్లో జరిగింది. తల్లి జవాబులు ఆపాలి, తండ్రి పెరటిదారి మానాలి. ఒక్కరోజులో అన్నీ ఆపేస్తే పిల్ల తట్టుకోలేదు, ఇంట్లో యుద్ధం అవుతుంది. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలీ లెబొవిట్జ్ బృందం 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఆందోళన రుగ్మతలున్న 124 మంది పిల్లల్లో ఒక వర్గానికి సీబీటీ ఇచ్చారు. రెండో వర్గంలో పిల్లలకు ఏ చికిత్సా ఇవ్వకుండా, పిల్లల భయానికి లొంగే పనులు తగ్గించుకోవడం తల్లిదండ్రులకు నేర్పారు. ఫలితంలో రెండో వర్గం మొదటిదానికి తీసిపోలేదు. అది ఓసీడీ మీద జరిగిన అధ్యయనం కాదు కాబట్టి దాన్నే చికిత్స అనుకోలేదు, కానీ తల్లికి నేర్పిన మాటలు ఆ పద్ధతి నుంచి తీసుకున్నవే. "నీకు చాలా కష్టంగా ఉందని తెలుసు తల్లీ. నువ్వు తట్టుకోగలవనీ తెలుసు. ఇది గుమాస్తా అడిగే ప్రశ్న, వాడికి నేను జవాబు చెప్పను. నీ పక్కనే కూర్చుంటాను." మొదటి రాత్రి శ్రావణి తలుపులు కొట్టింది, తల్లిని రాక్షసి అంది. తల్లి వరండాలో కూర్చుని ఏడుస్తుంటే, నాయనమ్మ లోపలికి వెళ్లి మనవరాలి పక్కన మౌనంగా కూర్చున్నారట. ఆవిడను ఎవరూ అలా చేయమనలేదు.

తండ్రి స్కూటరు ముందుగా ఇంటి ముందుకొచ్చింది. ఆ తర్వాతి వారాల్లో ఆయన వీధిగుమ్మంలోంచి రావడం మొదలుపెట్టాడు. కారం డబ్బా తిరిగి అల్మరాలో చేరిన రోజున తల్లి ఫోటో తీసి పంపింది.

ఫలితం, తర్వాతి సంగతులు

పన్నెండు వారాలయ్యేసరికి యేల్–బ్రౌన్ స్కేలు 14కు దిగింది. ఇందాక చెప్పిన 2004 నాటి అధ్యయనం 10 లేదా అంతకంటే తక్కువ వస్తేనే జబ్బు తగ్గినట్టు లెక్కించింది కాబట్టి, ఆ కొలత ప్రకారం శ్రావణి అప్పటికి గట్టెక్కలేదు. చేతుల చర్మం మాత్రం మూసుకుంది, బడిలో పీరియడ్లు తప్పడం పోయింది. ఎనిమిదో నెలలో స్కేలు 8కి వచ్చింది.

ఫిబ్రవరిలో మళ్లీ పెరిగింది. కొత్త సరుకుతో యార్డు నిండి, గాలివాటున ఘాటు వీధుల్లోకి వచ్చే రోజులవి, ఊళ్లో అందరూ దగ్గుతారు. దీన్ని ముందే ఊహించి జనవరిలోనే రెండు సెషన్లు పెట్టుకున్నాం. కడుగుళ్లు కొన్ని తిరిగొచ్చినా, నూనె, డెట్టాల్ దాకా పోలేదు. అప్పుడే ఆమె రజస్వల కావడంతో, ముట్టు మూడు రోజులూ విడిగా ఉండాలన్న ఇంటి పద్ధతిని గుమాస్తా వాడుకోబోయాడు. ఆ మూడు రోజుల నియమాన్ని పాటించాలా వద్దా అన్నది కుటుంబం ఇష్టమని, నాలుగో రోజు పొద్దున్న తలస్నానంతో అది ముగియాలని, ఆపైన ఒక్క చెంబు నీళ్లు కూడా ఎక్కువ పోసుకోకూడదని ఒప్పందం చేసుకున్నాం. నియమాన్నే తీసేయాలని మా సైకాలజిస్టు అభిప్రాయపడ్డారు. ఆ చర్చ ఈ అమ్మాయి చికిత్స మధ్యలో తేల్చుకునేది కాదని నేననుకున్నాను.

యార్డు గేటు దాకా తండ్రితో వెళ్లడం మార్చి చివర్లో జరిగింది. లోపలికి కూడా వెళ్లి, కాంటా వేస్తుంటే చూసి, అలాగే ఇంటికొచ్చి తమ్ముడికి హోంవర్కు చేయించింది. ఆ వేసవిలో ఆవకాయ పెట్టారు. కారం కలిపే పని నాయనమ్మ ఎవరికీ ఇవ్వరట, శ్రావణి ముక్కలు తుడిచింది.

ప్రస్తుతం సెర్ట్రలిన్ 100 మిల్లీగ్రాములే కొనసాగుతోంది. లక్షణాలు తగ్గాక కనీసం ఏడాది మందు వాడి, ఆ తర్వాత నెలకో రెండు నెలలకో 25 మిల్లీగ్రాముల చొప్పున తగ్గించాలన్నది ఆలోచన. తగ్గింపును వార్షిక పరీక్షలు, మిర్చి సీజను రెండూ అయ్యాక, జూన్‌లోనే మొదలుపెడతాం. స్కేలు మళ్లీ 14 దాటితే పాత మోతాదుకు వెళతాం. తండ్రిని చికిత్స కోసం మరో సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను. ఒకే కుటుంబంలో ఇద్దరికి నేనే చూడటం కంటే అదే మేలనిపించింది. ఆయన ఒకసారి వెళ్లి వచ్చాడు, సీజను అయ్యాక మళ్లీ వెళతానన్నాడు.